ఆ జంట రాదు

మార్చి 3, సోమవారం

వదినను సస్పెండ్ చేశారు. ఆమె పిల్లల వార్డులో నర్సు. మందు ఎక్కించే పంపులో బరువు తప్పు కొట్టిందట, బిడ్డకి రెట్టింపు మోతాదు వెళ్లిందట. బిడ్డకి గండం గడిచింది. వదినకి మొదలైంది.

ఆ పంపు సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. టెస్టింగ్ నాది. మీ మెషీను ఏనాడైనా తప్పు చేస్తుందా మరిదీ, చేస్తే మేమే చెయ్యాలి గానీ, అంది వదిన. నవ్వుతూనే అంది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

మార్చి 4

మా మేనేజర్ అప్పుడే రిపోర్టు రాసేశాడు. ఆపరేటర్ ఎర్రర్, అంటే నర్సుదే తప్పు. యంత్రం చేసిన నేరానికి కార్మికురాలికి శిక్షా అని టేబుల్ గుద్దాను. కరపత్రాలు తగ్గించి కాస్త పంపు లాగ్‌లు చదువు నాయనా అన్నాడు. అందరూ పళ్లికిలించారు.

శుక్రవారం ఆసుపత్రిలో వదిన మీద విచారణ. ఆలోపు రుజువు తెస్తాను.

మార్చి 5, ఉదయం 11

పంపు తెర మీద ఎనిమిది సెట్టింగులు. అన్ని కలయికలూ చూడాలంటే నా జన్మ చాలదు. అందుకే ఏ రెండు సెట్టింగులైనా ఒక్కసారైనా జంట కలిసేలా పట్టిక వేస్తాం. పోయినేడు వేసిన పట్టిక అంతా పాస్. నేను నమ్మను. మేనేజర్ చెయ్యి పడే ఉంటుంది. మొదటినుంచీ కొత్తగా వేశాను. ఇరవై నాలుగు వరసలు, ఒక్కోటీ ఒక పరీక్ష.

మధ్యాహ్నం 3

పదిహేడో వరస ఫెయిల్! మోతాదు రెట్టింపు!

ఒక్కో సెట్టింగే మార్చి చూశాను. భాష మార్చాను, ఫెయిల్. బ్యాటరీ మీద పెట్టాను, ఫెయిల్. పిల్లల మోడ్ తీశాను, పాస్. బరువు దిద్దడం మానేశాను, పాస్. అదీ దొంగల జంట. పిల్లల మోడ్‌లో, పంపు నడుస్తుండగా బరువు దిద్దితే పాత మోతాదు రద్దవదు. కొత్తది దానికి కలుస్తుంది.

సాయంత్రం 5

పాత పట్టిక తెరిచాను. ఆ జంట కొట్టేసి ఉంది. జరగదనుకున్న జంటల్ని అలా కొట్టేయడం మాకు అలవాటు. పక్కన నోటు: "నడుస్తున్న పంపులో బరువు దిద్దడం – రాదు."

కింద పొడి అక్షరాలు నావి.

మార్చి 6

వదినకి చెప్పేశాను. బిడ్డ ఊపిరి ఆడక తన్నుకుంటుంటే త్రాసు మీద పడుకోబెడతామా, ముందు అంచనా బరువు కొట్టి మందు ఎక్కిస్తాం, తర్వాత తూచి దిద్దుతాం, వార్డులో ఆయాకి కూడా తెలుసు అంది. లోకాన్నంతా ఉద్ధరిస్తావు, పక్క పీట మీదున్న మనిషిని ఒక్క మాట అడగలేకపోయావా అంది. ఆ తర్వాత, ఇదంతా కాగితం మీద పెట్టు అంది.

పెట్టాను. నా పేరుతో సహా. మేనేజర్‌కి ఇచ్చాను.

మార్చి 7

మేనేజర్ నా కాగితం విచారణకి తేలేదు. ఆ పాత నోటు తెచ్చాడు. దిద్దరాదని మా కుర్రాడు పోయినేడే హెచ్చరించాడండీ అన్నాడు. నేను లేచి అరిచాను. అది కూడదని కాదు, అలాంటి సందర్భం రాదని! మరిదివి కదా, అలాగే అంటావు, కూర్చో అన్నారు విచారణ కమిటీ వాళ్లు.

వదిన నా వైపు చూడలేదు.

మార్చి 10

నా ముందుచూపుకి అభినందనలట. కంపెనీ నుంచి ఈమెయిలు.

మార్చి 12

వదినను ఉద్యోగంలోంచి తీసేశారు. ఈ రోజే ఆసుపత్రులకి పంపు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వెళ్లింది. ఇక నడుస్తున్న పంపులో ఎవరైనా నిశ్చింతగా బరువు దిద్దుకోవచ్చు.