ఎర్ర గుడ్డ పెట్టె

మే 3
కందిరీగ పొట్టలో ఇంకో పురుగు కాపురం పెడుతుంది. పొట్ట మడతల్లోంచి దాని తల మాత్రం బయటికి కనిపిస్తుంది, నువ్వుగింజలో సగం. అది ఏ జాతిదో తేల్చడం నా ఉద్యోగం. ఆడది జన్మలో బయటికి రాదు. మగది రెక్కలతో వస్తుంది, కొన్ని గంటల్లో చస్తుంది. ఆ మగది దొరికితే గానీ పేరు తేలదు. ఎదురుచూస్తున్నాను. నాకు ఓపిక తక్కువని ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

మే 9
చెల్లెలు అత్తారింటి నుంచి వచ్చేసింది. పెదవి చీలి ఉంది. ఎడమ చెవి వినిపించడం లేదట. మెట్ల మీంచి పడ్డానంది. మెట్లకి ఉంగరం ఉంటుందా అని అరిచాను. దాని మొగుడి మీద అరవాల్సింది, దాని మీద అరిచాను. ఛీ, నా నోరు.

మే 14
ఇంట్లో ఒక్కదాన్నే ఉంచలేక ల్యాబ్‌కి తీసుకెళ్తున్నాను. కందిరీగల్ని వేరు చేయడం నేర్పాను. పురుగు పట్టినవి ఎర్ర గుడ్డ కప్పిన జాలీ పెట్టెలో. మంచివి, వాటి గూడుతో సహా, తెల్ల గుడ్డ పెట్టెలో. దాని కన్ను నాకంటే చురుకు.

మే 17, మధ్యాహ్నం
చెల్లెలి మొగుడు ల్యాబ్‌కే వచ్చాడు. వదినగారూ అంటూ పళ్లికిలించాడు. వాడు బెదరాలని ఎర్ర గుడ్డ కింద ఉత్త చెయ్యి పెట్టి ఒక కందిరీగను తీశాను. కుట్టదా అన్నాడు. పురుగు పట్టినవి గూడు వదిలేస్తాయి, పని చెయ్యవు, పోట్లాడవు, ఊరికే కూర్చుంటాయి అన్నాను. గొప్పకి పోయి చెప్పాను. అయితే ఆ పురుగేదో మీ చెల్లెలికీ పట్టించండి అని నవ్వాడు. ఎల్లుండి వచ్చి తీసుకుపోతాడట. రానంటే జుట్టు పట్టి ఈడుస్తాడట. చెల్లెలు పెట్టెల మీద గుడ్డలు సర్దుతూ అంతా వింది.

మే 18
పోలీసులకి చెప్పాను. మొగుడూ పెళ్లాల గొడవ, సర్దుకుపొమ్మన్నారు.

మే 19, ఉదయం
వచ్చాడు. అన్నట్టే జుట్టు పట్టాడు. స్టూలెత్తి వాడి వీపు మీద కొట్టాను. వెనక్కి తిరిగి నా పొట్టలో తన్నాడు. కింద పడ్డాను, ఊపిరాడలేదు. ముందు నీ పురుగుల సంగతి చూస్తానుండు, ఒక్కటీ మిగలదు అంటూ ఎర్ర గుడ్డ కింద మోచేతి దాకా చెయ్యి దూర్చి పిడికిలి బిగించాడు. గూడు నలిగిన చప్పుడైంది.

ఎర్ర గుడ్డ పెట్టెలో గూడు ఉండదు.

చెయ్యి, మెడ, పెదవులు, కనురెప్పలు. పెట్టెను మీదికి లాక్కుంటూ పడ్డాడు. అరవబోయాడు, గొంతు వాచిపోయింది. మడమలు నేలకేసి కొట్టుకున్నాడు. నన్నూ కుట్టాయి. చెల్లెలు తలుపు పక్కన నిలబడి చూస్తూనే ఉంది. అంబులెన్స్‌కి ఫోన్ నేనే చేశాను. కాస్త ఆగి చేశాను.

సాయంత్రం
పోయాడు. సంతోషంగా ఉంది.

తెల్ల గుడ్డ ఎత్తి చూశాను. ఒక మూల కందిరీగలు ఊరికే కూర్చున్నాయి. కింద నేను ఎదురుచూస్తున్న మగది. ఆ గోలలో ఎప్పుడు బయటికొచ్చిందో, ఎగిరి, చచ్చి పడి ఉంది.

మే 21
గుడ్డలు ఎవరు మార్చారని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. నేనే, పొరపాటున అన్నాను. అతను వెళ్లాక చెల్లెలు మైక్రోస్కోప్‌ మీంచి తలెత్తకుండా, అక్కా, మగదాని తల విడిగా కోసి పెట్టనా అని అడిగింది.