టిఫిన్ డబ్బా మీది పేరు

విమలా,

ఇవాళ నీ ఒకటో తరగతి పిల్లలకు సెలవులిచ్చారు. నువ్వు కన్నుమూశాక పెన్‌పహాడ్ బడికి వచ్చిన కొత్త టీచర్ "పిల్లలందరికీ చదవడం వచ్చేసింది" అని ఊరంతా చెబుతోంది. నేను నమ్మలేదు. ముప్పై ఏళ్లు సూర్యాపేట బస్సుల్లో కండక్టర్‌గా చేసిన నీ మొగుణ్ని. చూపించకుండా టికెట్ ఉందంటే ఒప్పుకుంటానా?

మధ్యాహ్నం ఆ తరగతిలోనే చదివే పక్కింటి లావణ్యను పిలిచి పాఠం చదవమన్నాను. గడగడా చదివేసింది. నోరు చివరి వరుసకు చేరినా వేలు మొదటి వరుసలోనే ఉంది.

"బట్టీ పట్టినవా?" అన్నాను.

"లేదు తాతా, సదివిన," అని మొహం ముడుచుకుంది.

పుస్తకం మూసేసి నీ స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చాను. నువ్వు పోయిన రోజు నుంచి దాన్ని షెల్ఫులోంచి తీయలేదు. "గీ మూత మీద ఏం రాసుందో సదువు," అన్నాను. దీన్ని మాత్రం ఎవరూ బట్టీ పట్టించి ఉండరు కదా!

చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "వి... మ... ల." ఈసారి వేలూ నోరూ కలిసే నడిచాయి.

"విమల అంటే ఎవరు తాతా?"

"మీ పాత టీచరే బిడ్డా."

"కాదు. టీచర్ పేరు టీచరే!"

నా మొహంలోకి అనుమానంగా చూసి, డబ్బాను దగ్గరికి లాక్కుని, మళ్లీ మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.