బాబు బొడ్డు మీద కట్టిన బిళ్ళ

తిరువూరు,
12-8-74

అమ్మకు, వీరరాఘవయ్య నమస్కరించి రాసేది.

బాబు బొడ్డు ఉబ్బు అణగాలని నువ్వు బిగించి కట్టి వెళ్ళిన రాగిబిళ్ళ కింద చర్మం ఒరుసుకుపోయి చీము పట్టింది. సూదిమందు వేస్తున్నా జ్వరం దిగలేదు. డాక్టరుగారు కట్టు విప్పి, "ఈ ఉబ్బు చాలామంది పిల్లలకు మూడేళ్ళు వచ్చేసరికి దానంతటదే పోతుందయ్యా! బిళ్ళ కట్టిన మహాతల్లి ఎవరు?" అని కసిరారు. నేను నోరు తెరిచేలోపే నీ కోడలు శివపార్వతి, "నేనేనండీ" అంది. బాబుకు ఎలా ఉంటుందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

గేదె ఈనిందా? మెత్తటి పాతచీర గుడ్డలు ఉతికి తీసుకుని వెంటనే బస్సెక్కు. చెల్లికి నా ఆశీస్సులు.

వచ్చాక శివపార్వతిని ఏమీ అనకు. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నా మాట వినడం లేదు. నువ్వు కలిపి పెడితే తింటుంది.

వీరరాఘవయ్య