ఎడమ పక్క కుట్టు

పారిస్, మంచు నెల 23, కొత్త పంచాంగం రెండో ఏడు
(పాత లెక్కలో 1794 జనవరి 12)

ప్రియమైన మీకు,

ఎముకల కోసం వెళ్లిన మీరు క్షేమంగా దియెప్ రేవు చేరారని చేపల బండి కోర్మెరే చెప్పాడు. ఓడలు రావడం లేదనీ, తిమింగలపు ఎముక మూరెడు కూడా దొరకడం లేదనీ కూడా చెప్పాడు. దొరక్కపోతే పోయింది. ఇక్కడ ఎముకలు పెట్టి నడుము బిగించే కార్సెట్ అడిగేవాళ్లెవరున్నారు? మన వీధి అమ్మాయిలు లోపలేమీ బిగించుకోకుండా పల్చటి మస్లిన్ గౌను ఒక్కటి తగిలించుకుని చలికి వణుక్కుంటూ తిరుగుతున్నారు. కార్సెట్ దొరసానుల సంకెల అట.

రొట్టెల కొట్టు దగ్గర వరసలో ఒకతె నా నడుము తడిమి, "ఏమ్మా, ఇంకా రాణిగారి కొలువులోనే ఉన్నావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తలుపు గడియ వేశాను. రాణి తల తీసి మూడు నెలలైనా కాలేదు. కోట వాళ్లకు కుట్టిన వాళ్లం మనం.

కోట నమూనాలన్నీ పొయ్యిలో వేసి మంచి పని చేశాం. మొన్న వీధి విప్లవ కమిటీ వాళ్లొచ్చి అరలన్నీ తిరగేశారు. బూడిద తప్ప ఏమీ లేదు.

ఒక మంచి కబురు. కమిటీ అధ్యక్షుడు బ్రిడూ ఉన్నాడే, ఆయన భార్య తోమాసిన్ మన కొట్టుకొచ్చింది. నాలుగో నెలట, నడుము లాగేస్తోందట. పై అరలో మీరు గుడ్డ చుట్టి ఉంచిన దంతపు రంగు కార్సెట్, రెండు పక్కలా తాళ్లున్నది, ఎవరిదీ కాదన్నారుగా, అది ఇచ్చేశాను. అతికినట్టు సరిపోయింది. పులి పెళ్లాం మన కార్సెట్ తొడుక్కుంటే పులి మన గడప తొక్కదని నా ధైర్యం.

అన్నట్టు, ఇకమీదట అందరూ అందర్నీ నువ్వు అనే పిలవాలట. పదహారేళ్లుగా మీరు అన్న నోరు, ఎలా తిరుగుతుంది? దీనికే నన్ను పట్టుకుపోతారేమో.

మీ పెర్రెట్

•

దియెప్, మంచు నెల 29

ప్రియమైన పెర్రెట్,

ఇది తపాలాలో వేయలేదు. కోర్మెరే చేపల బుట్ట అడుగున పెట్టి తెస్తాడు. చదివి వెంటనే కాల్చెయ్.

ఆ దంతపు రంగు కార్సెట్ ఎవరిదీ కాదని నీతో అబద్ధం చెప్పాను. అది వెర్దురాక్ దొరసానిది. రెండేళ్ల కిందట రైన్ నది దాటి శత్రువుల వైపు పారిపోయిందే, ఆవిడే. పోయిన వసంతంలో అక్కణ్ణించి ఎవరి చేతో ఉత్తరం పంపింది, కడుపుతో ఉన్నాను, ఈ కొలతలకు ఒకటి కుట్టి ఉంచు అని. ఇరవై ఏళ్ల ఖాతా. కాదనలేకపోయాను. పంపే దారి లేక అరలో పెట్టాను.

మన పని సంగతి నీకు చెప్పాలా? కొలతలు రాసి పంపిన ఉత్తరాన్నే మడిచి ఎడమ పక్క రెండు నారగుడ్డల మధ్య పెట్టి కుట్టేస్తాం, మరమ్మతుకు వచ్చినప్పుడు విప్పి చూసుకోవచ్చని. మా నాన్న అలాగే చేశాడు, ఆయన నాన్న అలాగే చేశాడు. నా చెయ్యి కూడా అలవాటు కొద్దీ అదే చేసింది. నమూనాలు కాల్చిన రోజున కూడా నాకు గుర్తు రాలేదు, పెర్రెట్. గుర్తొచ్చింది నీ ఉత్తరం చదివాక.

అందులో కొలతలొక్కటే లేవు. "మా సైన్యాలతో తిరిగొచ్చి ఈ కమిటీల వాళ్లందర్నీ దీపస్తంభాలకు వేలాడదీస్తాం, నీలాంటి నమ్మకస్తుణ్ణి మాత్రం మర్చిపోం" అని నా పేరు పెట్టి రాసింది. అది ఇప్పుడు కమిటీ అధ్యక్షుడి పెళ్లాం పక్కటెముకల మీద ఉంది. సరిహద్దు దాటినవాళ్లతో ఉత్తరాలు నడిపితే శిక్ష ఏమిటో నీకు తెలుసు. నాకే కాదు, కొట్టు నడిపే నీకూ అదే.

ఏదో వంక పెట్టి దాన్ని వెనక్కి తీసుకో. నన్ను తర్వాత తిట్టుకుందువు గాని.

నీ ఆంసెల్మ్

•

పారిస్, వాన నెల 15 (పాత లెక్కలో ఫిబ్రవరి 3)

ప్రియమైన మీకు,

తిట్టడానికి కూడా ఓపిక లేదు. మీ దొరసాని భక్తి మన ఇద్దరి మెడల మీదికి తెచ్చింది.

మొదటిసారి వెళ్లి, "కడుపు పెరుగుతోంది కదమ్మా, పక్కలు వదులు చేసిస్తాను" అన్నాను. తోమాసిన్ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "తాళ్లున్నాయిగా. నేనే వదులు చేసుకుంటా" అంది.

రెండోసారి, ఎముక ఒకటి పగిలి ఉంది, గుచ్చుకుంటుంది, మార్చిస్తానన్నాను. "నాకేం గుచ్చుకోవడం లేదే. నీకే ఏదో గుచ్చుకుంటున్నట్టుంది" అంది. లోపలి గదిలో బ్రిడూ ఎవరితోనో పట్టుకోవలసినవాళ్ల పేర్ల జాబితా చదివిస్తున్నాడు. ఒక్కో పేరు వినిపిస్తుంటే మన పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఆవిడ గొంతు తగ్గించి, "మీ ఆయన ఎక్కడున్నాడు? ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. జ్వరంతో పక్క ఊళ్లో ఉన్నాడన్నాను. "అబద్ధాలు చెప్పడం కూడా చేతకాదు నీకు" అంది.

ఆమెకు తెలుసండీ. తెలిసి ఆడిస్తోంది. నిన్న మన కొట్టు ఎదుట నిలబడి కిటికీలోంచి నన్నే చూసింది. చెయ్యి ఎడమ పక్కన పెట్టుకుని ఉంది. పిల్లి ఎలుకను వెంటనే తినదు కదా.

పక్క సందులో లేసు అల్లే ముసలమ్మను పొద్దున్నే తీసుకుపోయారు. ఏం చేసిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మీరు మాత్రం రాకండి. ఏమైనా సరే, రాకండి.

మీ పెర్రెట్

•

దియెప్, గాలి నెల 12 (పాత లెక్కలో మార్చి 2)

ప్రియమైన పెర్రెట్,

నాలుగు వారాలైంది, నీ దగ్గర్నుంచి చీటీ ముక్క లేదు. కొట్టు తలుపులు వేసి ఉన్నాయని కోర్మెరే అంటాడు. తట్టావా అంటే, తట్టడానికి ధైర్యం చాల్లేదంటాడు. వాడి మీద కోప్పడ్డాను గాని, నేనైతే తట్టేవాణ్ణా?

ఇక్కడ ఎముకలు చీల్చే కొట్టంలో పని చేస్తున్నాను. చీల్చడానికి ఎముకలే లేవు, ఊరికే కత్తులు నూరుతున్నాను. రాజు పోతే పోయాడు, ఆడవాళ్ల నడుము కూడా పోయిందేమిటి అని పదిమందినీ నవ్విస్తాను. బయటికొచ్చాక సముద్రానికి వీపు పెట్టి పారిస్ బాట వైపే చూస్తూ నిలబడతాను.

ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ఈ నెల ముప్పయ్యో తేదీకి ఇస్తామన్నారు. రాగానే బండెక్కుతాను. తిన్నగా బ్రిడూ దగ్గరకే వెళ్లి, ఉత్తరం నా పేరునే ఉంది, నా పెళ్లానికి ఏమీ తెలియదని చెప్తాను. నువ్వు కూడా అదే చెప్పు. ఇది నీ చేతికి అందుతుందో లేదో కూడా తెలియదు.

నీ ఆంసెల్మ్

•

పారిస్, గాలి నెల 28 (పాత లెక్కలో మార్చి 18)

ప్రియమైన ఆంసెల్మ్,

నీ ఉత్తరం తలుపు సందులోంచి అందింది. బయలుదేరకు. నేను బతికే ఉన్నాను. తలుపులు వేసుకుని లోపల కూర్చున్నది నేనే. రాస్తే దారిలో ఎవరైనా చదువుతారన్న భయంతో రాయలేదు.

మొన్న బ్రిడూను పట్టుకుపోయారు. వాళ్లలో వాళ్లకే పడలేదట. తాను చదివించిన జాబితాలాంటిదే ఇంకెవరో చదివించారు. నిన్న తెల్లవారగానే వెనక తలుపు చప్పుడైంది. నా కోసమే వచ్చారనుకుని మంచి శాలువా కప్పుకుని మరీ తీశాను. తోమాసిన్. తల మీద టోపీ కూడా లేదు.

"ఇప్పుడైనా చెప్పు. ఎవరు చేయించారు నీతో?" అంది.

"ఏమిటి చేయించడం?"

"ఆ ఉత్తరం! నా ఒంటి మీద ఎందుకు పెట్టావు? నా మొగుణ్ణి చంపించడానికేగా?"

ఆమె ఒర్లెయాన్‌లో కార్సెట్లు కుట్టే ఆయన కూతురట. ఎడమ పక్కన ఏముంటుందో మనకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. తీసుకెళ్లిన రోజే, ఎవరి కొలతలో చూద్దామని కుట్టు విప్పింది. చదివింది. వెంటనే పొయ్యిలో వేసింది. అది తన ఒంటి మీద దొరికితే కమిటీ అధ్యక్షుడి ఇల్లే శత్రువుల గూడు అంటారని భయపడింది. మొగుడికి కూడా చెప్పలేదు. చెప్తే ఆయన ముందు తననే అనుమానిస్తాడని.

నేను వెళ్లి కార్సెట్ ఇమ్మన్నప్పుడల్లా, సాక్ష్యం కోసం వచ్చానని వణికిందట. కిటికీ ముందు నిలబడి చూసింది నా వెనక ఎవరున్నారో తెలుసుకుందామని. రెండు నెలలు ఆమె పిల్లి, నేను ఎలుక అనుకున్నాను. ఇద్దరం ఎలుకలమే. మనల్ని ఆమె దయ కాపాడలేదు. ఆమె భయం కాపాడింది.

అప్పుడు కూడా నాకు తలుపు వేసేయాలనిపించింది. నీ దగ్గర దాచడం దేనికి? బ్రిడూ జాబితాలోనే పోయింది లేసు ముసలమ్మ. కానీ తోమాసిన్ గోడకు ఆనుకుని నిలబడి, "పక్కలు బిగిసిపోయాయి, ఇక తాడు చాలడం లేదు" అని ఏడ్చింది. విప్పి చూశాను. తాడు చివరి కన్నం దాకా వచ్చేసింది. ఎడమ పక్క ఆమె తిరిగి వేసుకున్న కుట్టు నీ కుట్టుకంటే సన్నంగా ఉంది. ముందు వరస ఎముకలు ఊడదీసేశాను. బిడ్డకు ఊపిరాడాలి కదా. ఇక ఈ దేశంలో కార్సెట్లు ఇలాగే మెత్తబడతాయేమో. నీకు నచ్చదు, తెలుసు.

నీ దగ్గరకు రావడానికని నేను ముందే ఒక అనుమతి చీటీ తెచ్చుకున్నాను. అది ఆమెకిచ్చి కోర్మెరే బండెక్కిస్తున్నాను. ఎత్తు మధ్యరకం, ముక్కు మధ్యరకం, గడ్డం మధ్యరకం అని రాశారు నన్ను చూసి. ఎవరికైనా సరిపోతుంది. ఆ చీటీ ప్రకారం ఆమె పేరు పెర్రెట్. నలుగురి ముందు నిన్ను మొగుడా అంటుంది, ఉలిక్కిపడకు. ఇంకో చీటీ అడగాలంటే నాకు భయమే. కొన్నాళ్లు ఆగి అడుగుతాను.

ఆమెకు నేర్పిన మాట ఒక్కటే, నిన్ను చూడగానే "ఎడమ పక్క కొలతలు చూడు" అనమన్నాను. ఇది చదువుతున్నావంటే ఆ కుట్టు విప్పే ఉంటావు. మెల్లగా విప్పావు కదా? కాల్చెయ్ దీన్ని. ఇకమీదట మనం కుట్టేవాటిలో కాగితాలు వద్దు. ఇదే ఆఖరుది కనక ఆచారం తప్పకుండా కొలతలు రాస్తున్నాను.

రొమ్ము కింద మూడు జానలు. కడుపు మీద నాలుగున్నర, ఈ వారానికి. ఇంకా పెరుగుతుంది, గుడ్డ ఎక్కువ వదులు.

నీ పెర్రెట్