వెండి చేయి అందింది

అమ్మకు, ఢిల్లీబాబు రాసేది. నేనిక్కడ కుదురుగానే ఉన్నాను.

నిన్న కోమలి కోసం స్టేషనుకు వెళ్ళాను. సుబ్బన్న మామ ఒక్కడే దిగి, గుడ్డలో చుట్టిన వెండి చేయి ఇచ్చాడు.

“కొండమీద హుండీలో ఎయ్యమనిందప్పా మీయమ్మ. పరీచ్చ సామే సూసుకుంటాడంట.”

“సెల్లెలు యాడ మామా?”

“నీ పక్కన కూసోని రాస్తే అవిటోడి సెల్లెలంటారని మీయమ్మ బయపడతా ఉండాది.”

గానుగలో నా చేయి పోయిన రోజే ఊరు ఆ మాట అనేసిందమ్మా. ఈ కార్డు ఎడమచేత్తో రాయడానికే పూట పట్టింది. పోయినసారి పరీక్షలో నా బదులు రాయడానికి బడివాళ్ళిచ్చిన పిల్లవాడు నేను చెప్పింది వినకుండా తోచింది రాశాడు. మండీలో చిట్టా రాసిన నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. రాసిపెట్టేవాళ్ళు నాకంటే కింది తరగతిలో ఉండాలట. మన ఇంట్లో తొమ్మిది చదివేది కోమలి ఒక్కతే.

పరీక్ష పదో తేదీన. రెండు రోజుల ముందే పాకాలలో రైలెక్కించు. ఆవు ఈనిందా? నాయన దగ్గు తగ్గిందా?

వెండి చేయి హుండీలో వేసి వస్తాను. స్వామికి అలాంటివి కొత్త కాదు.

నాయనకు నమస్కారం. కోమలికి ఆశీస్సులు. తల్లీ, ఇది అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఒక్క మాట కూడా మింగెయ్యకు.