మూడో చెయ్యి

బాలమణీ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళే మళ్లీ అల్యూమినియం ముట్టాను.

ఇనుమైతే ఒక చేత్తో ముక్క పట్టుకుని ఇంకో చేత్తో అతికించుకుంటాను. అల్యూమినియానికి చేసే ఆర్గాన్ వెల్డింగు అలా కుదరదు. ఒక చేతిలో వెల్డింగు టార్చి, ఒక చేతిలో అతుక్కి కరిగించే కడ్డీ. ముక్క కదలకుండా పట్టే మూడో చెయ్యి నీదే కదా. అందుకే ఇన్నాళ్లూ అల్యూమినియం తెచ్చినవాళ్లందరినీ వెనక్కి పంపేశాను.

పొద్దున పాల మల్లేశ్ పిడి ఊడిన అల్యూమినియం క్యాను తెచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"వదినె ఉన్నప్పుడు గిట్ల ఎన్నడన్న తిప్పి పంపినవా అన్నా? చేసిచ్చెదాంక నేను లేవ."

నీ పేరెత్తినందుకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ముక్కల్ని పట్టే ఇనప శికంజా తీసి, పిడిని క్యానుకి ఆనించి బిగించాను. నీకంటే గట్టిగానే పట్టింది, అబద్ధమెందుకు. మనకున్న నల్ల అద్దం ఒక్కటే. అది నేను పెట్టుకుంటే, నువ్వు కట్టెముక్కతో పిడిని అదిమి, మొహం గోడవైపు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, "అయిందా? ఇంక కాలేదా?" అని సతాయించేదానివి. కానీ నేను చెప్పేదాకా ఒక్కనాడూ కళ్లు తెరవలేదు.

మంట చూడొద్దని మల్లేశ్‌ని అటు తిరగమన్నాను. పిడి కదలకుండా ముందు రెండు చుక్కల అతుకు వేసి, టార్చి ఆపాను.

"అయింది. కండ్లు తెరువు" అన్నాను.

"తెరిచిన అన్నా" అన్నాడు మల్లేశ్.

ఆ మాట అన్నది నీతోనని అతనికేం తెలుసు.