పదేళ్ళ కూత

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. మిరపకాయలు ఎత్తేసిన కల్లంలో ఇవాళ మళ్ళీ కబడ్డీ పెట్టారు. ఘాటుకి పొరుగూరివాళ్ళ కూత ఎప్పటిలాగే మధ్యలో తెగిపోయింది.

మన జట్టులో పదేళ్ళు కూతకెళ్ళింది నువ్వొక్కడివే. మిగతావాళ్ళలో చాలామందికి మూడు నాలుగేళ్ళకే మోకాళ్ళు పోయాయి. ఈ ఏడు ఆడితే మన మస్తాను నీకు సమానమవుతాడు. మోకాలు వాచినా కూతకి లేచాడు.

"కూర్చోరా!" గట్టు మీంచి అరిచింది అమ్మ.

"బాబాయ్ పదేళ్ళు ఆడలేదా పిన్నీ?"

"ఆడాడు. ఆఖర్లో రోజూ నేను లేపితేనే మంచం దిగేవాడు. అది చూశావంట్రా నువ్వు?"

మస్తాను కూర్చున్నాడు.

నేనూ చూడలేదు నాన్నా. బడి నుంచి వచ్చేసరికి, నా పుస్తకాల సంచి అందుకోవడానికి నువ్వెప్పుడూ గుమ్మంలో నిలబడే ఉండేవాడివి.